ఓర్చుకోమనే ముందు

నర్సు: వేలికి చీము పడితే కోసేముందు లోకల్ ఇస్తాం సార్. పన్ను పీకేముందు ఇస్తాం, మొద్దుబారిందో లేదో తట్టి చూసి మరీ పీకుతాం. గర్భసంచి ముఖద్వారాన్ని పట్టకారుతో పట్టి, ముందుకు లాగి, లోపలికి గొట్టం పంపేటప్పుడు మాత్రం "అయిపోయింది, ఇంకొక్క నిమిషం, ఓర్చుకో తల్లీ" అంటాం. కాపర్-టికి అంతే, ముక్క పరీక్షకు అంతే, పిల్లలు లేరని వచ్చిన వాళ్ళకు చేసే ట్యూబు పరీక్షకూ అంతే. చాలాచోట్ల డి అండ్ సికి కూడా తుంటికి ఒక నొప్పి సూది పొడిచి పని కానిస్తారు. ఇట్టా ఎందుకు జరగాలో నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మీరు మత్తు డాక్టరు గదా, మీరు చెప్పండి.

మత్తు డాక్టరు: చెబుతాను, నచ్చకపోవచ్చు. ముఖద్వారానికి కోతా కాలడమూ పెద్దగా తెలియవు, సాగదీస్తేనే తెలుస్తుందని పాత పాఠం. అందులో సగమే నిజం. నేను ఆ పాఠాన్ని వెనకేసుకు రాను. నాది వేరే భయం. ఆ రెండు నిమిషాల నొప్పితో ఆడమనిషి ప్రాణం పోదు. తెలియని చేతుల్లో మత్తుతో పోతుంది. ఇసకపల్లి నించి కృష్ణపట్నం దాకా తీరం ఊళ్ళకు దగ్గరలో ఉన్న చిన్న ఆసుపత్రులు తీసుకోండి. లేడీ డాక్టరు ఉంటుంది, స్కానింగు ఉంటుంది. మత్తు డాక్టరు కావాలంటే కావలి నించో నెల్లూరు నించో పిలిపించాలి. ఆయన వచ్చేలోగా ఏం చేస్తారు? చేసే డాక్టరే మిడజోలామో ఫోర్ట్‌వినో నరానికి ఎక్కించి, తనే కింద కూర్చుని పని మొదలుపెడుతుంది. ఆమె కళ్ళు కింద ఉంటాయి. పైన ఊపిరి ఆగితే చూసేదెవరు? నా ఉద్యోగమంతా తల దగ్గర నిలబడే ఉద్యోగం సిస్టర్. తల దగ్గర మనిషి లేనప్పుడు మత్తు ఇవ్వకపోవడమే దయ.

నర్సు: మీరు మత్తు అనగానే నిద్రపుచ్చడం గురించే మాట్లాడతారు. నేను అడుగుతున్నది అది కాదు. ముఖద్వారం చుట్టూ లిగ్నోకెయిన్ సూది వేసే పద్ధతి ఉంది, పారాసెర్వికల్ బ్లాక్. దానికి తల దగ్గర మనిషి అక్కరలేదు, ఆపరేషన్ థియేటరూ అక్కరలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో గర్భస్రావ సేవల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మీరనేదీ ఉంది, నేననేదీ ఉంది. ఈ చిన్న ప్రక్రియలకు ఒళ్ళు తెలియకుండా మత్తివ్వడం మామూలు పద్ధతి కాకూడదని రాశారు. అది మీ మాట. నొప్పి మందు ప్రతి మనిషికీ తప్పకుండా ఇవ్వజూపాలని, పద్నాలుగు వారాల లోపు అయితే మాత్రలతో పాటు ఈ బ్లాక్ వేయాలని కూడా రాశారు. అది నా మాట. గీకే డి అండ్ సి మానేసి, పీల్చే పద్ధతికి మారమని కూడా చెప్పారు. అంటే అసలు నొప్పే తగ్గే దారి. మనకు ఆ మొదటి వాక్యం మాత్రమే గుర్తుంది.

మత్తు డాక్టరు: బ్లాక్ సంగతే తీసుకుందాం. లెక్క చెబుతాను వినండి. లిగ్నోకెయిన్ కిలో బరువుకు నాలుగున్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఎక్కువ మంది పాటించే హద్దు. రొయ్యల షెడ్డులో తలలు తీసే ఒక బక్క మనిషి వచ్చింది, నలభై కిలోలు అనుకుందాం. ఆమె హద్దు నూట ఎనభై మిల్లీగ్రాములు. బ్లాక్‌కు పుస్తకం చెప్పేది ఒక శాతం మందు, ఇరవై మిల్లీలీటర్లు. అంటే రెండు వందలు. అప్పటికే హద్దు దాటింది, పద్దెనిమిది దగ్గర ఆపాలి. ఇక మన బల్ల మీద మామూలుగా దొరికే సీసా ఎంత? రెండు శాతం. పలుచన చేయకుండా అదే ఇరవై ఎక్కిస్తే నాలుగు వందలు, ఆమె తట్టుకోగలిగిన దానికి రెట్టింపు పైన. ముందు పెదాల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, తరవాత ఫిట్స్, ఆ తరవాత గుండె. అదీగాక ఆ చోటంతా రక్తనాళాలు. సూది మొన నాళంలో ఉందని తెలియక నొక్కితే తక్కువ మందైనా చాలు. విరుగుడుగా ఇచ్చే కొవ్వు ద్రావణం ఎన్ని చిన్న ఆసుపత్రుల్లో ఉంటుందో, మీకు నాకన్నా బాగా తెలుసు.

నర్సు: తెలుసు. కానీ సార్, మీరు చెప్పిన లెక్క ఇంటర్ చదివిన పిల్ల కూడా వేస్తుంది. బరువు చూడటం, మందులో సగానికి సగం సెలైన్ కలపడం, నొక్కే ముందు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం. ఇందులో నేర్పలేనిది ఏముంది? మెగ్నీషియం సల్ఫేట్ ఇంతకన్నా ప్రమాదమైన మందు. గుర్రపువాతం వచ్చిన బాలింతకు ఇవ్వాలని ఊళ్ళో నర్సులకు కూడా లెక్క కట్టి నేర్పారా లేదా? తల్లి చచ్చిపోతుందని భయం ఉంది కాబట్టి నేర్పారు. నొప్పికి ఎవరూ చావరు కాబట్టి నేర్పలేదు. మీరు మొదట్లో అన్న మాటే ఇది. ఆ మాట కింద పడి ఎంత మంది నలిగారో.

మత్తు డాక్టరు: మెగ్నీషియం పోలిక నిజమే, కాదనను. నేర్పితే నేర్చుకుంటారు. కానీ నేర్పినంత మాత్రాన ఫలితం దక్కుతుందా అని కూడా అడగాలి. కాపర్-టి సంగతి చూడండి. వేసేముందు ఐబూప్రొఫెన్ మింగిస్తే వేసేటప్పటి నొప్పి తగ్గదని పరిశోధనలు చెప్పాయి. ముఖద్వారం మెత్తబడుతుందని మిసోప్రొస్టాల్ ఇచ్చి చూశారు, లాభం లేకపోగా కడుపునొప్పీ వాంతులూ మిగిలాయి. బ్లాక్ కొంత పనిచేస్తుంది, నిజమే. అయితే ఆ సూది కూడా నొప్పే. రెండు నిమిషాల పనికి నాలుగు పోట్లు పొడిచి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టాలి. అది వద్దనే ఆడవాళ్ళు కూడా ఉన్నారు. "తొందరగా కానీయండమ్మా, ఇంటికాడ పిల్లోడున్నాడు" అనే తల్లుల్ని మీరూ చూశారు.

నర్సు: చూశాను. వాళ్ళ చేయి పట్టుకుని, ఊపిరి ఎట్టా వదలాలో చెబుతూ, కళ్ళల్లోకి చూస్తూ మాట్లాడితే చాలామందికి అదే సరిపోయింది. దాన్ని తక్కువ చెయ్యను. కానీ తొందరగా కానిమ్మన్న ఆమెకు వేరే దారి ఉందని ఎవరన్నా చెప్పారా? చెబితే కదా వద్దనడం వద్దన్నట్టు. ఇంకోటి. కాన్పులు అయిన వాళ్ళకు ఇదేం లెక్క అంటారు గదా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42.4 శాతం సిజేరియన్లు. ముందుగా అనుకుని కోసి బిడ్డను తీసిన వాళ్ళలో ముఖద్వారం ఒక్కసారి కూడా తెరుచుకుని ఉండదు. మామూలు కాన్పు లేని వాళ్ళకు ఈ పనులన్నీ ఎక్కువ నొప్పి. ఇద్దరు బిడ్డల తల్లి అని కాగితం మీద చూసి గొట్టం పెడతారు. ఆమె కెవ్వుమంటే "ఇద్దర్ని కన్నావు, దీనికేనా" అంటారు. కన్నది పొట్ట కోస్తే గదా.

మత్తు డాక్టరు: ఆ సంగతి మా వాళ్ళు కూడా తగినంత ఆలోచించలేదు. ఒప్పుకుంటాను.

నర్సు: బయట దేశాల్లో ఆలోచించడం మొదలైంది. 2021లో బీబీసీలో వార్తలు చదివే నాగా మంచెట్టి తనకు కాపర్-టి లాంటి లూప్ వేసినప్పుడు రెండుసార్లు స్పృహ తప్పిందని రేడియోలోనే చెప్పింది. ఆమె చెప్పాక ఎంతోమంది ఆడవాళ్ళు నాకూ అంతే, నాకూ అంతే అన్నారు. 2024 ఆగస్టులో అమెరికా సీడీసీ, లూప్ వేసేముందు నొప్పి గురించి ప్రతి మనిషితో మాట్లాడి ఏం చేయాలో కలిసి అనుకోమంది. సూదిగానో పైన పూసే జెల్‌గానో లిగ్నోకెయిన్ ఉపయోగపడొచ్చని రాసింది. మరుసటి ఏడాది అక్కడి ప్రసూతి డాక్టర్ల కాలేజీ కూడా, లూపు ఒక్కటే గాదు, ముక్క పరీక్షల్లాంటి వాటన్నిటికీ నొప్పి తగ్గించే దారులు ముందే చూపాలంది. వాళ్ళ ఆడవాళ్ళ ఒళ్ళూ మా మైపాడు ఆడవాళ్ళ ఒళ్ళూ వేరు గాదు.

మత్తు డాక్టరు: ఒళ్ళు వేరు కాదు, దాని చుట్టూ ఉన్నవి వేరు. అదే సర్వేలో మన రాష్ట్రంలో పదిహేను నించి నలభై తొమ్మిదేళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. రక్తం తక్కువున్న మనిషికి ఆక్సిజన్ కాస్త తగ్గినా తట్టుకునే శక్తి ఉండదు. ఇక మత్తంటే పరగడుపున రావాలి. పొద్దున వచ్చి మధ్యాహ్నం దాకా పడుకోవాలి, వెంట మనిషి ఉండాలి, ఆ మనిషికి కూడా కూలి పోవాలి. తీరం నించి నెల్లూరికి ఆటో, బస్సు. ఇప్పుడు పదినిమిషాల్లో అయిపోయి తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళిపోయే పనికి ఇంత తతంగం పెడితే ఏమవుతుందో నేను చెబుతాను. రెండు జరుగుతాయి. మొదటిది, ఆ సేవ తీరం ఊళ్ళల్లో ఆగిపోతుంది, "మత్తు సౌకర్యం లేదు, నెల్లూరు వెళ్ళండి" అని చీటీ రాస్తారు. రెండోది, నెల్లూరులో ప్రైవేటు వాళ్ళు అదే పనిని ప్యాకేజీ చేస్తారు. గది అద్దె, మత్తు డాక్టరు ఫీజు, మందులు. నా ఫీజు కూడా అందులోనే ఉంటుంది సిస్టర్, అందుకే ఇంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను. నొప్పి లేకుండా చేస్తామన్న బోర్డు కింద అప్పులు పుడతాయి.

నర్సు: అది నిజంగా భయపడాల్సిన మాట. దానికి నేను సులువుగా జవాబు చెప్పలేను. కానీ ప్రభుత్వమే చేసే పని ఒకటుంది గదా, దాన్ని చూద్దాం. కు.ని. ఆపరేషన్. అదే సర్వేలో, మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 69.6 శాతం అది చేయించుకున్న వాళ్ళే. దేశంలో ఇంత ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు అరుదు. అంటే పదిమందిలో ఏడుగురు ఆ బల్ల మీద పడుకున్న వాళ్ళు. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం దానికి లోకల్ మత్తే మొదటి ఎంపిక. సరే. లోకల్ ఎట్టా ఇస్తున్నారో చూడండి. చర్మం కింద సూది వేస్తారు, చర్మం మొద్దుబారుతుంది. ట్యూబును పైకి లాగి ముడి వేస్తే, రింగు బిగిస్తే, లోపల పిసికినట్టు వచ్చే నొప్పికి ఆ చర్మం మందు ఏం చేస్తుంది? ల్యాప్రోస్కోపీ అయితే కడుపులో గ్యాస్ నింపడంతో భుజం దాకా సలపరం. ట్యూబు మీద కూడా నాలుగు చుక్కలు మందు వేస్తే తగ్గుతుందని అందరికీ తెలుసు. వేసేవాళ్ళు ఉన్నారు, వేయనివాళ్ళు ఎక్కువ. అన్నిటికన్నా ముందు, సూది వేశాక పట్టడానికి మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. వరసలో ముప్పై మంది ఉంటే ఆ నిమిషాలు ఎవరు ఇస్తారు?

మత్తు డాక్టరు: నిమిషాల విషయంలో మీ పక్షాన నేను ఇంకా గట్టిగా మాట్లాడగలను. మందు నా చేతిలోది, అది పట్టే వేగం నా చేతిలో లేదు. ఆగకుండా కోయడమంటే మందు వృథా, మనిషికి నరకం. కానీ ఆ ముప్పై అనే సంఖ్య ఎక్కడ్నించి వచ్చింది? అది హద్దు. ఒక రోజులో ఒక డాక్టరు అంతకు మించి చేయకూడదని పెట్టిన గీత. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర కొన్ని గంటల్లో 83 మందికి చేశారు, పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో మూడేళ్ళలో ఈ కు.ని. క్యాంపులు ఆపేయమంది. 2022 ఆగస్టులో మన పక్క రాష్ట్రంలోని ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజు 34 మందికి చేస్తే నలుగురు పోయారు.

నర్సు: వాళ్ళు మత్తు వల్ల పోలేదు.

మత్తు డాక్టరు: పోలేదు. తొందర వల్ల పోయారంటే ఒప్పుకుంటారా? నేను చెప్పేది అదే. తొందర ఉన్నచోట మత్తు పెంచితే, మత్తు వల్ల కూడా పోతారు. ముందు వరస తగ్గించండి. తరవాత మందు పెంచండి.

నర్సు: వరస తగ్గేదాకా నొప్పి భరించమంటారు, అంతే గదా. వరస తగ్గడానికి ఇంకో దారి ఉంది, అది ఎవరూ ఎత్తరు. మగవాళ్ళకు చేసే ఆపరేషన్ ఇంతకన్నా తేలిక. కత్తి గాటు లేకుండా, లోకల్‌తో, పొట్ట తెరవకుండా అయిపోతుంది. ఆ సర్వేలో మన రాష్ట్రంలో ఆ దారి ఎంచుకున్న జంటలు 0.4 శాతం. ఎందుకు ముందుకు రారు అంటే "మగాళ్ళకు భయం సిస్టర్, బరువు పని, వేటకు పోవాలి" అంటారు. వాళ్ళ భయాన్ని కారణంగా ఒప్పుకుంటాం. ఆడదాని భయాన్ని నాటకం అంటాం. బరువు పనికి ఆమె పోదా? వేట నించి వచ్చిన చేపను గంపకెత్తుకుని ఊళ్ళు తిరిగేది ఎవరు?

ఇంకో కాగితం గురించి కూడా చెబుతాను. ఆ ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉంది: డాక్టరుకు ఏ రకం మత్తు సరైనదనిపిస్తే దానికి నేను ఒప్పుకుంటున్నాను అని. అందులో ఆమె ఎంచుకునేదానికి చోటే లేదు. ఆమె సంతకం పెట్టేది తన నొప్పి గురించి తను మాట్లాడనని.

మత్తు డాక్టరు: ఆ వాక్యం మీకు అట్లా కనిపిస్తుంది. నాకు వేరేగా కనిపిస్తుంది. మత్తు ఎంపికలో గుండె, ఊపిరితిత్తులు, పాత మందులు, కడుపులో తిండి ఇవన్నీ చూడాలి. చివరి మాట తెలిసినవాడిది కాకపోతే ప్రాణం మీదికి వస్తుంది. అయితే "చివరి మాట" వేరు, "ఒకే మాట" వేరు. మా వాళ్ళు చాలామంది ఒకే మాటగా వాడుకుంటున్నారన్నది నిజం.

కానీ సిస్టర్, మీరు మెలకువను మరీ తక్కువగా చూస్తున్నారు. మెలకువగా ఉన్న మనిషి తనకు తనే కాపలా. గర్భసంచికి చిల్లు పడబోతుంటే మొదట చెప్పేది ఆమె అరుపే. "అక్కడ పొడిచినట్టుంది" అంటే డాక్టరు చెయ్యి ఆగుతుంది. నిద్రపోతున్న మనిషి ఏం చెబుతుంది? 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన సమీరా కోహ్లీ కేసు గుర్తుందా? లోపల ఏముందో చూస్తామని మత్తిచ్చారు. ఆమె స్పృహలో లేనప్పుడే, బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు పనికిరాదని, తెలివిలో ఉండి చెప్పగల మనిషి మాటే కావాలని కోర్టు అన్నది. మెలకువగా ఉండి ఉంటే ఆమె వద్దనేది. ఆడమనిషి నోటికి మాట మిగిల్చేది ఒక్కోసారి ఆ మెలకువే.

నర్సు: ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నిజమే, నిద్రలో ఉన్న ఆడదాన్ని ఎవరూ అడగరు. కానీ మెలకువగా ఉన్న ఆడదాన్ని అడుగుతున్నారా? "ఆపండి, ఆపండి" అని అరిచినా ఆగని చేతుల్ని నేను చూశాను. అరుపు కాపలా కావాలంటే దాన్ని వినేవాళ్ళు ఉండాలి. కదలకుండా తొడలు నొక్కిపట్టమని మాకు చెప్పే చోట ఆ అరుపు ఎవరికి కాపలా?

పెళ్ళికాని పిల్లలు గర్భం తీయించుకోవడానికి వస్తే జరిగేది చెప్పమంటారా? ఎక్కడని చెప్పను. నొప్పి మందు అడిగితే, "చేసినప్పుడు తెలియలేదా, ఇప్పుడు తెలియనీ" అన్నవాళ్ళు ఉన్నారు. ఒక్కచోట ఒక్కరు అన్నది గాదు. 1971 నించీ చట్టం ఉంది. పద్దెనిమిదేళ్ళు నిండితే ఆమె సమ్మతి ఒక్కటే చాలు, మొగుడిది గాని, అమ్మానాన్నలది గాని అక్కరలేదు. చట్టం ఇచ్చినదాన్ని ఆ బల్ల మీద వసూలు చేస్తారు. అక్కడ మందు లేక గాదు సార్. అల్మారాలో ఉంది. ఇవ్వరు.

మత్తు డాక్టరు: దానికి నా దగ్గర వైద్య శాస్త్రం నించి ఏ సమర్థనా లేదు. అది వైద్యం కాదు, శిక్ష. నేను నా వాదనలో ఎక్కడా దానికి చోటివ్వను.

నర్సు: మీరు ఇవ్వరు. కానీ మీ వాదనను వాళ్ళు అడ్డం పెట్టుకుంటారు. "మత్తు ప్రమాదం గదా" అన్నది మంచి డాక్టరూ అంటాడు, శిక్ష వేసే డాక్టరూ అంటాడు. బల్ల మీద పడుకున్న పిల్లకు ఎవరిది ఏదో ఎట్టా తెలుస్తుంది?

మత్తు డాక్టరు: తెలియదు. అయినా నా మాట అబద్ధమైపోదు. ఒక చరిత్ర చెబుతాను, మన గడ్డ మీద జరిగిందే. 1888లో, 1889లో హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. నిజాం డబ్బిచ్చాడు. ఎడ్వర్డ్ లారీ అనే సర్జను వందల జంతువుల మీద ప్రయోగాలు చేయించి, క్లోరోఫాం గుండెను ఆపదు, ఊపిరి చూసుకుంటే చాలని తేల్చాడు. ప్రపంచమంతా చదివింది. 1911లో గుడ్‌మన్ లీవీ అనే ఆయన ఆ మాట తప్పని నిరూపించాడు. క్లోరోఫాం గుండె లయను చెదరగొట్టి ఒక్కసారిగా ఆపేస్తుంది. అదీ ఎప్పుడు? లోతుగా ఇచ్చినప్పుడు కాదు, పైపైన ఇచ్చినప్పుడు, సగం మత్తులో మనిషి నొప్పికి ఉలిక్కిపడ్డప్పుడు. ఇప్పుడు క్లోరోఫాం ఎవరూ వాడరు. కానీ దయతో, ధీమాతో, తగిన కాపలా లేకుండా ఇచ్చిన సగం మత్తు ఎంత మందిని తీసుకుపోయిందో తెలుసుకోవడంతోనే మా చదువు మొదలవుతుంది.

నర్సు: ఆ హైదరాబాదు కథలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఉంది సార్. ఆ కాలంలో వైద్యం చదివి, ఆ ప్రయోగాలలో పనిచేసి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రోగులకు క్లోరోఫాం ఇచ్చిన ఆడమనిషి. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టరు ఆమేనంటారు. ప్రమాదం ఉందని ఆమెకు తెలియదా? తెలుసు గనుకనే నేర్చుకుంది. ఆమె తరవాత నూట ముప్పై ఏళ్ళు గడిచాయి. వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే మిషను ఇప్పుడు చిన్న ఆసుపత్రిలో కూడా ఉంది, కోవిడ్‌లో ఇళ్ళల్లో కూడా కొనుక్కున్నారు. అయినా ఆడవాళ్ళ చిన్న ప్రక్రియల దగ్గరికి వచ్చేసరికి మనం ఇంకా లారీ కాలం భయమే చెప్పుకుంటున్నాం.

ఇంకో నష్టం మీ లెక్కలో లేదు. ఒకసారి ఆ బల్ల మీద నరకం చూసిన మనిషి రెండోసారి రాదు. నెలసరి ఆగకుండా పోతుంటే లోపల ముక్క తీసి చూద్దామని డాక్టరు అంటే, "ఆ పరీక్ష వద్దమ్మా, అసలు సంచే తీసేయండి, మత్తిచ్చి చేస్తారు గదా" అంటుంది. గర్భసంచి తీయించుకున్న వాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. దానికి డబ్బాశ, తప్పుడు భయాలు, నెలసరి సమయంలో పనికి పోలేకపోవడం, ఎన్నో కారణాలు. నొప్పి భయం కూడా వాటిలో ఒకటని నేనంటాను. చిన్నదానికి మత్తు లేదు, పెద్దదానికి ఉంది. అందుకని పెద్దదే అడుగుతారు. ముప్పై అయిదేళ్ళకే.

మత్తు డాక్టరు: పెద్ద ఆపరేషన్లకు నన్ను పిలుస్తారు కాబట్టి ఈ మాట నేను ఆ గదిలోనే విన్నాను. వెన్నుకు సూది వేసేటప్పుడు, "నొప్పి తెలీదు గదా సార్, పోయినసారి చానా బాధ పెట్టారు" అని అడిగినవాళ్ళు ఉన్నారు. పోయినసారి అంటే ఏం చేశారని అడిగితే, ముక్క పరీక్ష అనో, కడిగారు అనో చెప్పారు. అప్పుడు నేను దాన్ని ఈ ఆపరేషన్‌తో ముడిపెట్టి ఆలోచించలేదు.

నర్సు: ఇప్పుడు ఆలోచించండి. నేను కోరేది పెద్దది గాదు. ప్రతి చిన్న ప్రక్రియకు ముందు కూర్చోబెట్టి చెప్పాలి: ఇట్టా చేస్తాం, ఇంత నొప్పి ఉండొచ్చు, మాత్ర ఉంది, జెల్ ఉంది, చుట్టూ వేసే సూది ఉంది, పూర్తి మత్తు కావాలంటే నెల్లూరు పెద్దాసుపత్రికి పోవాలి, నీకేది కావాలి? నడుమ ఆపమంటే ఆపుతాం. అంతే. ఆమె చెప్పింది కేసు షీటులో రాయాలి. బరువు, మందు మోతాదు పక్కనే.

మత్తు డాక్టరు: షీటులో రాయడం నాకు ఇష్టమే. బరువు, మోతాదు రాస్తే నా భయం కూడా సగం తగ్గుతుంది. నాకు మింగుడుపడనిది వేరే. బ్లాక్ వేయడం రాని చోట, జెల్ సరఫరా లేని చోట, "నీకేది కావాలి" అని అడిగి, ఆమె చెప్పాక, "అది మా దగ్గర లేదు" అనడం ఎట్లాంటిదో ఆలోచించండి. ఉన్న ధైర్యం కూడా పోతుంది. వద్దని లేచి వెళ్ళిపోతుంది. అది కాపర్-టి అయితే మళ్ళీ వస్తుంది, లేదా ఇంకో దారి చూసుకుంటుంది. ముఖద్వారం దగ్గర తెల్లమచ్చ కనిపించి ముక్క తీయాల్సిన మనిషి అయితే? ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, క్యాన్సర్ ముదిరాక వస్తే? ఆ రోజు రెండు నిమిషాలు ఓర్చుకుని ఉంటే బతికేది అనిపిస్తే, అడిగినందుకు మీరు బాధపడరా?

నర్సు: బాధపడతాను. కానీ చెప్పకుండా పట్టి చేస్తే, ఆ ముక్క ఫలితం చెప్పడానికి పిలిచినప్పుడు ఆమె వస్తుందా? మచ్చను కాల్చాలి, మళ్ళీ బల్లెక్కాలి అంటే ఎక్కుతుందా? మొదటిసారి మనం మిగిల్చుకున్న రెండు నిమిషాలకు రెండోసారి మనిషే రాకపోతే?

మత్తు డాక్టరు: కొందరు వస్తారు. మీరు చెప్పినట్టు అడిగి, లేదన్నా కూడా కొందరు ఆగుతారు. ఏది ఎక్కువో మన తీరంలో ఎవరూ లెక్కపెట్టినట్టు నేను చూడలేదు. లెక్క లేకుండా నేను ప్రాణం వైపే మొగ్గుతాను.

నర్సు: నేను ఆమె వైపు మొగ్గుతాను. ప్రాణం ఆమెదే గదా సార్. బుధవారం నించి ఆ మందు పలుచన చేయడం, బరువు లెక్క మా పిల్లలకు నేర్పమంటే వస్తారా?

మత్తు డాక్టరు: వస్తాను. కొవ్వు ద్రావణం సీసా ఒకటి తెప్పించి పెట్టించండి. అది రాకుండా సూది పట్టనివ్వను.

నర్సు: ఇండెంటు ఇవాళే పెడతాను. అది వచ్చేదాకా రేపు పొద్దున వచ్చే వాళ్ళకు ఏం చెప్పమంటారు?